మానసిక ఆరోగ్య పరిశోధనలో పాల్గొనాలంటే ఏం చేయాలి? గోదావరి జిల్లాల వాళ్ల కోసం

మా వైపు ఎవరినైనా "ఎలా ఉన్నారండీ?" అని అడిగి చూడండి. "ఆయ్, బాగున్నామండి" అనే వస్తుంది. కోతకొచ్చిన వరి నీట మునిగినా అదే మాట, చెరువులో రొయ్య పోయినా అదే మాట. మర్యాదకి బాగానే ఉంటుంది గానీ మనసు గురించి పరిశోధన చేసేవాళ్లకి మాత్రం ఈ జవాబుతో పెద్ద చిక్కు.

కొన్నేళ్ల కిందట మా వీధిలోకి ఒక సర్వే వచ్చింది. ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి మా పిన్ని వాళ్లింటి అరుగు మీద కూర్చుంది. పక్కనే పిన్ని అత్తగారు చీపురు కోసం కొబ్బరాకుల ఈనెలు తీస్తున్నారు. "గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులు ఉందండీ?" అని ఆ అమ్మాయి అడిగింది. పిన్ని ఒకసారి అత్తగారి వంక చూసి "అలాంటిదేం లేదమ్మా" అంది. తర్వాతి ప్రశ్నలన్నిటికీ అదే జవాబు. సర్వే వాళ్లు వెళ్లిపోయాక పెరట్లో గిన్నెలు తోముతూ నాతో అంది, నెల రోజులుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందని, వంట చేయడానికి కూడా బుద్ధి పుట్టడం లేదని. ట్యాబ్‌లో మాత్రం అన్నీ సున్నాలే.

పరిశోధన ఎక్కడో ఢిల్లీలోనో అమెరికాలోనో జరుగుతుందనుకుంటాం గానీ, ఈ మధ్య బాగా వినబడ్డ ఒక అధ్యయనంలో సగం కథ మన జిల్లాదే. 'స్మార్ట్ మెంటల్ హెల్త్' అనే ఆ పరిశోధన హర్యానాతో పాటు మన పశ్చిమ గోదావరి పల్లెల్లో, మొత్తం 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జరిగింది. నడిపింది జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ. ఆశా వర్కర్లకీ పీహెచ్‌సీ డాక్టర్లకీ ట్యాబ్‌లు ఇచ్చి, డిప్రెషన్ ఉన్నవాళ్లని ఊళ్లోనే గుర్తించి వైద్యం అందేలా చూశారు. దాదాపు పది వేల మంది వివరాలతో 2024లో ఫలితాలు వచ్చాయి. డిప్రెషన్, టెన్షన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో, ఈ పద్ధతి పెట్టిన ఊళ్లలో ఏడాది తిరిగేసరికి 74.7 శాతం మంది తేరుకున్నారు. మామూలు వైద్యమే ఉన్న ఊళ్లలో తేరుకున్నది 50.6 శాతం. మానసిక జబ్బు ఉన్నవాళ్లతో ఊళ్లోవాళ్లు మెలిగే తీరులో మాత్రం రెండు వైపులా తేడా కనబడలేదు. నాకు ఈ రెండో ముక్కే ఎక్కువ నిజమనిపించింది.

1. వార్త చదివినప్పుడు మూడు సంగతులు వెతకండి

ఎంతమంది మీద చేశారు, ఎన్నాళ్లు చూశారు, దేనితో పోల్చారు. ఈ మూడూ లేని వార్తని పక్కన పెట్టేయొచ్చు. ఉదాహరణకి 2024 సెప్టెంబరులో స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బుకి వాడే 'కోబెన్ఫీ' అనే కొత్త మందుకి అమెరికా అనుమతి ఇచ్చింది. దశాబ్దాలుగా వాడుతున్న మందులకంటే వేరే దారిలో పనిచేసే మందు కాబట్టి అది పెద్ద వార్తే. కానీ దానికి ఆధారమైన రెండు ముఖ్య ట్రయల్స్ (మనుషుల మీద చేసే పరీక్షలు) ఒక్కోటి 250 మంది చిల్లరతో ఐదు వారాల పాటు జరిగినవి. ఇంచుమించు అదే దారిలో పనిచేస్తుందని ఆశపడ్డ 'ఎమ్రాక్లిడిన్' అనే ఇంకో మందు రెండు నెలలు తిరక్కుండానే, నవంబరులో, డమ్మీ మాత్రని (లోపల మందేమీ లేని మాత్రని) మించలేకపోయింది. కాబట్టి పేపర్లో కొత్త మందు గురించి చదివి ఇంట్లో వాడుతున్న మాత్ర ఆపేయకండి. వాట్సాప్‌లో వచ్చిన ముక్క చూసి అసలే ఆపకండి.

2. మన దగ్గర ఏదైనా జరుగుతోందా అని చూడండి

మన దేశంలో మనుషుల మీద చేసే ట్రయల్స్‌ని నమోదు చేసే ప్రభుత్వ పట్టిక ఒకటుంది, సీటీఆర్ఐ అంటారు. 2007లో మొదలైంది, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) కింద నడుస్తుంది. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. సెల్‌ఫోన్‌లో దాని పేరు కొట్టి లోపలికి వెళ్లి, జబ్బు పేరు ఇంగ్లీషు స్పెల్లింగుతో వెతకండి. అందులో ప్రతి ట్రయల్‌కీ ఎవరు చేస్తున్నారు, ఏ ఆసుపత్రుల్లో, ఏ వయసు వాళ్లని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు అన్నీ ఉంటాయి. 'ఓపెన్ టు రిక్రూట్‌మెంట్' అని ఉంటేనే ఇంకా మనుషుల్ని చేర్చుకుంటున్నట్టు.

ఇక్కడో తిరకాసు ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కదా. అంతకుముందు నమోదైన కాగితాల్లో 'పశ్చిమ గోదావరి' అంటే ఏలూరు కూడా, 'తూర్పు గోదావరి' అంటే కాకినాడ, కోనసీమ కూడా. కొత్త పేరుతో వెతికి దొరకలేదని వదిలేయకుండా పాత పేరుతో కూడా చూడండి.

కంప్యూటర్ గొడవ వద్దనుకుంటే కాకినాడ రంగరాయ, అమలాపురం కిమ్స్, రాజానగరం జీఎస్ఎల్, ఏలూరు ఆశ్రం లాంటి మెడికల్ కాలేజీల్లో సైకియాట్రీ ఓపీకి వెళ్లినప్పుడు అడగండి. పీజీ చదివే డాక్టర్లందరూ థీసిస్ చేయాల్సిందే కాబట్టి ఏదో ఒక అధ్యయనం నడుస్తూనే ఉంటుంది. చాలావాటిలో మందు మార్చడం లాంటివేం ఉండవు, ప్రశ్నలడిగి రాసుకుంటారంతే.

3. సంతకం పెట్టే ముందు

మనకి సంతకాలు అలవాటే. సొసైటీ అప్పుకి పది చోట్ల, బ్యాంకులో ఇంకో పది చోట్ల, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టేస్తాం. చదివి పెట్టినవాళ్లని నేను చూడలేదు, నేనూ చదవలేదు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. సమ్మతి పత్రం అంటే పరిశోధన చేసేవాళ్లు మీకు రాసిస్తున్న మాట. అప్పు కాగితం మీద సంతకం పెడితే వెనక్కి తీసుకోలేం, దీన్ని ఎప్పుడైనా తీసుకోవచ్చు.

ముందు కాగితం తెలుగులో ఇమ్మనండి. చదువు రాకపోతే సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. "ఇప్పుడే పెట్టేయండి, టైమ్ లేదు" అంటే "ఇంటికి తీసుకెళ్లి రేపు చెబుతానండీ" అనండి. దానికి కోప్పడేవాళ్ల దగ్గర చేరకపోవడమే మంచిది.

తర్వాత అడగాల్సినవి అడగండి. పాల్గొనేవాళ్లకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా? ట్రయల్స్‌కి అనుమతిచ్చే ఈ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలని 2019 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అందులో డాక్టర్లే కాదు, చట్టం తెలిసినవాళ్లు ఒకరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు కూడా ఉండాలి. (పాల్గొనడానికి ఇదీ ఒక దారే. రిటైరైన టీచర్లు ఆలోచించొచ్చు.) నాకు మందు ఇస్తారా, డమ్మీ మాత్ర ఇస్తారా? చాలా ట్రయల్స్‌లో అది చీటీ తీసినట్టు తేలుతుంది, ఇచ్చే డాక్టరుకే తెలియకపోవచ్చు. అందుకే ట్రయల్‌లో చేరడాన్ని వైద్యం అనుకోకూడదు. దానివల్ల మీకు మేలు జరగొచ్చు, జరక్కపోవచ్చు. ఇప్పుడు వాడుతున్న మందు ఆపమంటారా? ఆపమంటే మీ పాత డాక్టరుతో మాట్లాడకుండా ఒప్పుకోకండి. కొత్త మందు ట్రయల్ వల్ల ఒంటికేమైనా అయితే ఉచితంగా వైద్యం చేయించడం, పరిహారం ఇవ్వడం వాళ్ల బాధ్యత. అది కాగితంలో ఉందో లేదో చూడండి. బస్సు ఛార్జీ, పోయిన రోజుకూలీ అడగడం తప్పేం కాదు, ఇవ్వొచ్చని ఐసీఎంఆర్ మార్గదర్శకాలే అంటున్నాయి. కానీ చేరితే పెద్ద మొత్తం ఇస్తామని ఎవరైనా ఆశపెడితే మాత్రం అనుమానించాల్సిందే.

ఇంకో సంగతి. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే వాళ్ల తరఫున మనమే సంతకం పెట్టేస్తుంటాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పరిశోధనకి ఒప్పుకోవాల్సింది ఆ మనిషే. చెప్పలేని స్థితిలో ఉంటే పరిశోధకులు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ (స్టేట్ మెంటల్ హెల్త్ అథారిటీ) అనుమతి తెచ్చుకోవాలి. అన్నయ్య సంతకమో నాన్న సంతకమో ఉంటే సరిపోతుందనుకోవద్దు.

4. జవాబులు చెప్పేటప్పుడు

ఎవరైనా అరుగు మీద కూర్చుని మొదలుపెడితే "లోపలికి రండి" అనండి. లేదంటే పెరట్లోకో, సచివాలయం దగ్గరకో. ఇంటి విషయాలు పది మంది ముందు చెప్పమని ఏ పద్ధతైన పరిశోధనా అనదు. అత్తగారినో భర్తనో ఎలా పంపించాలో తెలియకపోతే, ఆ పని సర్వే చేసే అమ్మాయికే వదిలేయండి: "మీరే చెప్పండమ్మా, ఒక్కళ్లనే అడగాలని."

డిప్రెషన్ కోసం ఎక్కువగా వాడేది పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల జాబితా. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడాలంటారు. నిద్ర, ఆకలి, నీరసం, పని మీద ధ్యాస లాంటివే అడుగుతారు. 'గత రెండు వారాల్లో' అన్న మాట పట్టుకోండి, మొన్న సంక్రాంతి సంగతి కాదు. ఏరేటర్ ఆగిపోతుందేమోనని రాత్రంతా చెరువు గట్టు మీద కాపలా ఉన్నందువల్ల నిద్ర లేకపోతే ఆ మాట కూడా చెప్పండి, పడుకున్నా నిద్ర పట్టకపోవడానికీ దీనికీ తేడా ఉంది.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపించడం గురించి. దానికి అవును అని చెబితే ఏం చేస్తారో ముందే అడిగి ఉంచుకోండి. రాసుకుని వెళ్లిపోవడం కుదరదు, డాక్టరు దగ్గరికి చేర్చే ఏర్పాటు ఉండాలి. అలాంటి ఆలోచన ఈరోజే వస్తుంటే ఏ సర్వే కోసమూ ఆగొద్దు. 14416 టెలీ మానస్ నంబరు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం పడవు.

5. మధ్యలో మానేయాలంటే

"ఇక రానండీ" అంటే చాలు. కారణం చెప్పక్కర్లేదు. ఆ ఆసుపత్రిలో మీ మామూలు వైద్యం ఆపడానికి వీల్లేదు. ట్రయల్ మందు వాడుతుంటే మాత్రం ఎలా ఆపాలో అడిగి ఆపండి.

సమ్మతి పత్రం కాపీ ఒకటి మీకివ్వాలి, మర్చిపోతే అడిగి తీసుకోండి. రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్ ఉండే కవర్లోనే పెట్టుకోండి. పరిశోధకుల ఫోన్ నంబరు, ఎథిక్స్ కమిటీ నంబరు అందులోనే ఉంటాయి. ఏడాదో రెండేళ్లో పోయాక "మా ఊళ్లో అడిగి వెళ్లారు కదండీ, ఏం తేలింది?" అని ఫోన్ చేయడానికి ఆ కాగితమే కావాలి.