మన ఊళ్లో సేంద్రియ సాగు డబ్బులు ఎవరికొచ్చాయో కనుక్కోవడం ఎలా

సేంద్రియ సాగుకి డబ్బులిచ్చే కేంద్ర పథకం పరంపరాగత్ కృషి వికాస్ యోజన, పీకేవీవై అంటారు కదా, 2015 నుంచి నడుస్తోంది. అయినా చాలా ఊళ్లలో "మాకు చెప్పకుండానే ఎవరో తీసేసుకున్నారు" అనే మాటే వినపడుతుంది. అది నిజమో కాదో తేలాలంటే ముందు లెక్క తెలిసుండాలి.

సవరించిన రూల్స్ ప్రకారం హెక్టారుకి మూడేళ్లకి కలిపి 31,500 రూపాయలు, అదంతా అకౌంట్లో పడుతుందనుకుంటారు గానీ పడదు. డీబీటీగా, అంటే నేరుగా ఖాతాలోకి, రైతుకి వచ్చేది 15,000, అంటే సగటున ఏడాదికి ఎకరానికి రెండు వేలు, ఏ మూలకి సరిపోతాయి చెప్పండి. మిగతాది ట్రైనింగ్, సర్టిఫికేషన్, ప్యాకింగ్, మార్కెటింగ్‌కి పోతుంది. ఒక్కో రైతుకి 2 హెక్టార్ల వరకే ఇస్తారు, అదీ గ్రూపుగా క్లస్టర్‌లో ఉంటేనే. కాబట్టి పేర్లు, విస్తీర్ణం రాసిన లిస్టు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.

ముందు మండల వ్యవసాయ అధికారి (ఏఓ) ఆఫీసుకెళ్లి నోటితోనే అడగండి, గొడవేం వద్దు. ఇస్తే సరే. "అది బయటికి ఇవ్వకూడదండీ" అంటే మాత్రం సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(బి) చూపించండి, అందులో 12వ అంశం సబ్సిడీ పథకాల మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడక్కుండానే పెట్టాలనే చెబుతుంది. పీఎం కిసాన్ లిస్టు ఊరి వారీగా వెబ్‌సైట్లో చూస్తున్నాం కదా, దీనికి మాత్రం ఏమొచ్చింది?

అప్పటికీ కుదరకపోతే అదే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు, అంటే ఆర్టీఐ, పెట్టండి. తెల్లకాగితం చాలు. "మా ఊరికి ఎందుకు అన్యాయం చేశారు" అని రాస్తే జవాబు రాదు, కాగితాలే అడగాలి. ఇలా రాయండి: "ఫలానా గ్రామంలో 2022-23 నుంచి నేటి వరకు పీకేవీవై కింద ఎంపికైన రైతుల పేర్లు, విస్తీర్ణం, ఏ తేదీన ఎంత జమ చేశారు, ట్రైనింగ్ ఖర్చు బిల్లుల నకళ్లు." ఆ బిల్లులు మర్చిపోవద్దు, అందరూ పేర్ల మీదే పడతారు గానీ ట్రైనింగ్‌కి హెక్టారుకి 9,000 దాకా ఉంటుంది, ఊళ్లో ఎవరికైనా ఆ ట్రైనింగ్ జరిగినట్టు గుర్తుందా అన్నది అడిగి చూడండి. ఆధార్, బ్యాంకు నంబర్లు మాత్రం అడగొద్దు, ఆ సాకుతో మొత్తం తిప్పి పంపుతారు.

ఫీజు మన రెండు రాష్ట్రాల్లో మండల ఆఫీసుకి 5, జిల్లా ఆఫీసుకి 10 రూపాయలు, దారిద్య్రరేఖకి దిగువనున్నవాళ్లకి అదీ లేదు. రసీదు తీసుకోండి, లేదంటే స్పీడ్ పోస్టు. 30 రోజుల్లో రాకపోతే పై అధికారికి మొదటి అప్పీలు, దానికి ఇంకో 30 రోజుల గడువు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కి.

ఈమధ్య "డేటా చట్టం వచ్చింది, వ్యక్తిగతం" అనే జవాబు రావచ్చు. 2023 డేటా రక్షణ చట్టంతో, వ్యక్తిగత సమాచారం ఇవ్వక్కర్లేదనే సెక్షన్ 8(1)(జె) మారిన మాట నిజమే, కానీ పైన చెప్పిన 12వ అంశాన్ని ఎవరూ తీసెయ్యలేదు, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చనే 8(2) కూడా అలాగే ఉంది. అప్పీల్లో ఈ రెండూ నంబర్లతో సహా రాయండి.

కాగితాలు మరీ ఎక్కువంటే రికార్డు తనిఖీ అడగండి, మొదటి గంట ఫ్రీ. వెళ్లేటప్పుడు ఊరి పొలాలు తెలిసిన మనిషిని ఒకర్ని వెంట తీసుకెళ్తే ఎవరి పేరు మీద ఎవరి చేను రాశారో అక్కడికక్కడే పట్టేస్తాడు.