కాన్పు తర్వాత మళ్లీ పరుగు మొదలుపెట్టే తల్లులకు

విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలోనో కాలువగట్టు మీదనో పరుగెత్తే అలవాటున్న తల్లులు, కాన్పయ్యాక కనీసం 12 వారాలు నిండేదాకా నడకతోనే సరిపెట్టుకోవడం మంచిది. సిజేరియన్ అయినవారికి ఇంకా ఎక్కువ వ్యవధి అవసరం కావచ్చు. గర్భంతో ఉన్నప్పుడు కీళ్ల బంధనాలు వదులవుతాయి, పొట్ట కండరాల మధ్య ఎడం పెరుగుతుంది, కొందరికి పాదం కూడా సాగుతుంది కాబట్టి పాత బూట్లు బొటనవేలి దగ్గర పట్టేస్తుంటే ఎంత ఖరీదైనవైనా పక్కన పెట్టేయండి. అరగంట నడిచినా, ఒంటికాలిపై 10 సెకన్లు నిలబడినా, అదే కాలిపై 10 సార్లు గెంతినా నొప్పి గాని, మూత్రం చుక్కలుగా జారడం గాని, పొత్తికడుపు కిందికి లాగినట్టుండడం గాని లేకపోతేనే, నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకగా మొదలుపెట్టండి. మూత్రం జారడాన్ని “బిడ్డను కన్నాక ఇంతేలే అమ్మా” అని ఇంట్లో పెద్దవాళ్లు కొట్టిపారేసినా మీరు ఊరుకోవద్దు. ఫిజియోథెరపిస్టు నేర్పే కటి కండరాల (పొత్తికడుపు అడుగున మూత్రాశయాన్ని మోసే కండరాల) వ్యాయామాలతో అది చాలామందికి తగ్గుతుంది. బిడ్డకు పాలిచ్చి బయలుదేరితే రొమ్ముల బరువు తగ్గి పరుగు సులువవుతుంది. మోకాలి కింద, కాలి ముందరి ఎముకను వేలితో నొక్కినప్పుడు ఒకేచోట నొప్పి తెలుస్తుంటే మాత్రం పరుగు వెంటనే ఆపి ఎముకల వైద్యుణ్ణి కలవండి, ఎందుకంటే పాలిచ్చే నెలల్లో తల్లి ఎముకల సాంద్రత తాత్కాలికంగా తగ్గుతుంది, సన్నని పగులు పడే ప్రమాదం ఉంటుంది.