మెట్ల కింద పునుగు పిల్లి చేరిందా? కదిలించే ముందు జాగ్రత్తలు

- లోపల ఏముందో ముందు తేల్చుకోండి. సాయంత్రం మెట్ల కింది సందు ముందు ముగ్గుపిండి పలచగా చల్లండి. తెల్లవారేసరికి అడుగులు పడతాయి. పాకిన గీత కనిపిస్తే అది పాము కావచ్చు, దూరం జరిగి పాములు పట్టేవారిని పిలవండి.

- పిల్లలున్నాయేమో చెవి పెట్టి వినండి. సన్నని కూతలు వినిపిస్తే కొన్ని వారాలు ఓపిక పట్టండి. తల్లి బయటికి వెళ్లగానే కన్నం మూస్తే కూనలు లోపలే ఆకలితో చచ్చిపోతాయి. దయచేసి ఆ పని చేయకండి.

- పొగ, కారం, కిరోసిన్, బోను ఏవీ వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పునుగు పిల్లికి రక్షణ ఇస్తోంది. శ్రీవారి సేవలో వాడే పునుగు తైలం ఇచ్చే ప్రాణిని హింసించడానికి తిరుపతి వారికి చేతులెలా వస్తాయి? కదలకపోతే అటవీ శాఖకు చెప్పండి.

- కుక్కను కట్టేయండి.

- సందులో చేయి పెట్టకండి. కరిస్తే 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, రేబిస్ టీకాకు వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

- పునుగు పిల్లి రాత్రిపూట తిరిగే జంతువు. అది వెళ్లిపోయిందో లేదో తెలియడానికి సందులో కాగితం ఉండలు వదులుగా కూరి చూడండి. వరుసగా కొన్ని రాత్రులు అవి చెదరకపోతేనే ఇనుప జాలీ బిగించండి.