అనంతపురం పొలాల్లో చిమ్మటలను చూడడం, గుర్తుపట్టడం ఎలా

అనంతపురం జిల్లాలో చిమ్మటలను చూడదలచినవారు ముందుగా వానను గమనించాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే ఈ నేలలో చాలా జాతులు ఎండాకాలమంతా మట్టిలో ప్యూపా దశలో (గొంగళి పురుగుకూ రెక్కల పురుగుకూ మధ్య దశ) గడిపి, తొలకరి పదును తగిలిన తరువాతనే రెక్కలతో బయటికి వస్తాయి. అందువల్ల జూన్ నుంచి నవంబరు వరకు, ముఖ్యంగా మంచి వాన పడిన తరువాతి నాలుగైదు రాత్రులు, పరిశీలనకు అన్నిటికన్నా అనువైనవి.

రెండవది మొక్క. దీపం దగ్గర వాలిన చిమ్మటను చూసి, ఆ తరువాత పేరు కోసం వెతకడం చాలామంది చేసే పని. దానికన్నా పగటిపూటే ఆ చోట తిరిగి, ఏయే మొక్కలున్నాయో రాసుకొని, రాత్రికి ఏ జాతులు రావచ్చునో ముందే అంచనా వేసుకోవడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. చాలా చిమ్మటల గొంగళి పురుగులు కొన్ని మొక్కలనే తింటాయి కనుక, ప్రపంచంలో సుమారు 1,60,000 జాతులున్నా, ఒక చేను గట్టున మనం పోల్చుకోవలసినవి కొద్దిపాటి జాతులే అవుతాయి.

వేరుశనగ చేలున్న చోట మొదట చూడవలసినది ఎర్ర గొంగళి పురుగు తల్లి పురుగును, అంటే ఆ గొంగళి పురుగు ఎదిగి రెక్కలు వచ్చిన చిమ్మటను. దాని ముందు రెక్కలు తెల్లగా ఉండి, వాటిపై గోధుమ రంగు చారలుంటాయి. ముందు అంచు పొడవునా పసుపు పట్టీ కనిపిస్తుంది. వెనుక రెక్కలు తెల్లనివి, వాటిపై నల్ల మచ్చలుంటాయి. ఆ పట్టీ పసుపుగా కాక ఎర్రగా ఉంటే అది అదే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) చెందిన వేరొక జాతి. గట్ల మీద, చెట్ల నీడన మట్టిలో నెలల తరబడి నిద్రాణంగా ఉన్న ప్యూపాల నుంచి ఇవి భారీ వాన తరువాత ఒక్కుమ్మడిగా వెలువడతాయి. రైతులు సామూహికంగా పొలాల్లో మంటలు వేయడం, దీపపు ఎరలు పెట్టడం ఈ రోజుల్లోనే కనుక, ఆ మంటల సమయం తెలుసుకుంటే ఈ జాతిని చూసే సమయం కూడా తెలిసినట్టే.

ఆముదం మొక్కలున్నచోట దాసరి పురుగు తల్లి పురుగు కోసం చూడండి. వాలినప్పుడు అది బూడిద కలిసిన గోధుమ రంగులో సాదాగా ఉంటుంది. రెక్క విప్పితేనే నల్లని వెనుక రెక్క మీద అడ్డంగా తెల్ల పట్టీ, అంచున తెల్ల మచ్చలు బయటపడతాయి. వెనుక రెక్క చూడకుండా పేరు నిర్ణయించకూడదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

చీనీ (బత్తాయి) తోటలో పరిశీలన మరింత ఆసక్తికరంగా ఉంటుంది. కాయ పక్వానికి వచ్చే రోజుల్లో పొద్దు గూకిన తరువాత టార్చి తీసుకొని చెట్ల మధ్య నెమ్మదిగా నడిస్తే, పండు మీద వాలి రసం పీల్చే పెద్ద చిమ్మటలు కనిపిస్తాయి. టార్చి వెలుగులో వాటి కళ్లు మెరుస్తాయి. వీటి తొండం కొన గట్టిగా, ముళ్లతో ఉంటుంది కనుక తొక్కను కూడా తేలికగా పొడవగలదు. పొడిచిన చోట సూదిమొనంత రంధ్రం పడి, దాని చుట్టూ కాయ మెత్తబడి, కుళ్లి, నేల రాలుతుంది. ముడుచుకున్నప్పుడు ఎండుటాకులా కనిపించే ముందు రెక్కల కింద నారింజ రంగు వెనుక రెక్కలుంటాయి. వాటి మధ్య మచ్చ గుండ్రంగా ఉంటే ఒక జాతి, మూత్రపిండం ఆకారంలో వంగి ఉంటే మరొక జాతి. ఈ ఒక్క గుర్తుతో రెంటినీ వేరుచేయవచ్చు. వీటి గొంగళి పురుగులు చీనీ ఆకు ముట్టవు. కంచెల మీద పాకే తిప్పతీగ, దూసరతీగల మీద పెరుగుతాయి. కాబట్టి పగలు ఆ తీగలను వెదికి, ఒంటి పక్కన కంటి గుర్తులున్న పురుగు దొరికితే, దానిని కదిలించకుండా ఫొటో తీసి, ఆ తోటను రాత్రి పరిశీలనకు ఎంచుకోండి.

నువ్వుల చేలో తోక చివర కొమ్ము, పక్కల ఏటవాలు చారలున్న లావాటి పురుగు కనిపిస్తే, అది వీపు మీద పుర్రె గుర్తు ఉండే పెద్ద చిమ్మట పిల్ల. పెద్దదైన తరువాత పట్టుకుంటే కీచుమంటుంది, తేనె కోసం తేనెటీగల పట్టుల్లో దూరుతుంది; కానీ కుట్టదు, కరవదు. ఆ గుర్తుకూ, ఆ శబ్దానికీ భయపడి దానిని చంపవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. గన్నేరు, నందివర్ధనం ఉన్న పెరటిలో ఆకుపచ్చ, తెలుపు, గులాబీ కలిసిన రెక్కల చిమ్మట వస్తుంది. దాని పురుగుకు తల దగ్గర రెండు నీలి కంటి గుర్తులుంటాయి.

ఇక దీపం పెట్టే పద్ధతి. చదునైన చోట రెండు గుంజలకు తెల్లని దుప్పటి కట్టి, దాని ముందు అతినీలలోహిత కాంతినిచ్చే బల్బు గానీ, మెర్క్యురీ బల్బు గానీ వేలాడదీయాలి. మామూలు తెల్ల ఎల్‌ఈడీలో ఆ కాంతి దాదాపు ఉండదు కనుక వచ్చేవి తక్కువ. మన ప్రాంతంలో జూన్, జూలైలలో గాలి బలంగా వీస్తుంది. ఇంటి గోడ గానీ, దట్టమైన కంచె గానీ అడ్డుగా ఉండేట్టు దుప్పటి కట్టకపోతే ఏదీ నిలిచి వాలదు. అమావాస్య దగ్గరి రాత్రులు, మబ్బు పట్టి ఉక్కగా ఉన్నవి మంచివి. దీపానికి రాని జాతుల కోసం మాగిపోయిన అరటిపండును బెల్లంతో కలిపి చెట్టు బెరడుకు పూయవచ్చు.

దీపం చుట్టూ తిరిగే పురుగులు ఎగిరేటప్పుడు వీపును వెలుతురు వైపు తిప్పుకుంటాయని 2024లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. ఆ తిప్పులాటలో అవి అలసిపోతాయి, బల్లులకూ పక్షులకూ చిక్కుతాయి. అందువల్ల రెండు మూడు గంటలకు మించి దీపం ఉంచకండి. ఆర్పిన తరువాత దుప్పటిని పొదల దగ్గర మెల్లగా విదిలించండి.

ఫొటో తీసేటప్పుడు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి తీయాలి. రెక్కలు ఇంటి కప్పులా వాలి ఉన్నాయా, పరచుకొని ఉన్నాయా, మీసాలు దారంలా ఉన్నాయా, ఈకలా ఉన్నాయా అన్నది రాసుకోవాలి. చాలా జాతుల్లో ఈకలాంటి మీసాలు మగవాటికే ఉంటాయి. తేదీ, సమయం, ఊరు, వాన పడి ఎన్ని రోజులైంది, దగ్గరున్న మొక్కలు రాయనిదే ఫొటోకు సగం విలువ కూడా ఉండదు. నూగు ఉన్న గొంగళి పురుగులను చేత్తో తాకవద్దు, దద్దురు వస్తుంది. పాములు తిరిగే కాలం కనుక బూట్లు, టార్చి తప్పనిసరి.

పొడవాటి తోకలతో లేత ఆకుపచ్చగా ఉండే చంద్ర చిమ్మటను, టసర్ పట్టు గూళ్లు కట్టే పెద్ద చిమ్మటను చూడాలంటే నల్లమల, లంకమల అడవుల వైపు వెళ్లాలి. అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి అడవిలోకి అడుగు పెట్టకూడదు. ఆకు రాలిన కాలంలో పగలే వెళ్లినా, మద్ది, రేగు కొమ్మలకు గట్టి కాడతో వేలాడే టసర్ గూళ్లను చూడవచ్చు.

జీవజాతుల ఫొటోలు పంచుకొని పేర్లు తేల్చుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో వివరాలు నమోదు చేసేటప్పుడు జాతి ఖచ్చితంగా తెలియకపోతే కుటుంబం పేరు వరకే రాసి, వెనుక రెక్క ఫొటో ఉంటే దానిని కూడా జోడించి వదిలేయండి. తెలిసినవారు తరువాత సరిచేస్తారు.