మ్యాజిక్ టోర్నీలో టైమ్ అయిపోయాక: ఆ ఐదు టర్న్‌ల లెక్క

మ్యాజిక్: ద గాదరింగ్ అనే కార్డుల ఆట టోర్నీల్లో మామూలుగా రౌండుకు 50 నిమిషాలు. జడ్జి "టైమ్" అనగానే ఆట అక్కడికక్కడే ఆగిపోదు, ఇంకొన్ని టర్న్‌లు ఉంటాయి. టేబుల్ దగ్గర గొడవలు మొదలయ్యేది కూడా అప్పుడే.

సమస్య: "నాకింకా ఐదు టర్న్‌లున్నాయి" అని ఇద్దరూ అంటున్నారు.

కారణం: ఐదు అంటే తలా ఐదు కాదు, ఇద్దరికీ కలిపి ఐదు. టైమ్ అన్నప్పుడు ఎవరి టర్న్ నడుస్తుంటే వాళ్లు దాన్ని పూర్తి చేస్తారు. అది సున్నా, లెక్కలోకి రాదు. ఆ తర్వాత 1, 3, 5 ఎదుటివాళ్లవి. 2, 4 వీళ్లవి. అంటే టైమ్ అన్నప్పుడు టర్న్ మీదైతే మీకు మిగిలేవి రెండే.

పరిష్కారం: టేబుల్ మధ్యలో ఒక డైస్ పెట్టండి. సున్నా టర్న్ అవగానే 1 పైకి తిప్పండి, ప్రతి టర్న్‌కూ ఒకటి పెంచండి, అంకె ఇద్దరూ పైకి అనండి. చాదస్తంలా ఉంటుంది గానీ నాకిది దెబ్బ తిన్నాకే అలవాటైంది. ఒకసారి డైస్ లేకుండా మనసులోనే లెక్కపెట్టుకుంటూ, నడుస్తున్నది రెండో టర్నే కదా అని నా పెద్ద క్రీచర్‌ని (దాడి చేసే జీవి కార్డుని) దాడికి పంపకుండా వెనకే ఉంచుకున్నాను. తీరా చూస్తే అది నాలుగోది. ఎదుటివాడి దగ్గర దాడిని అడ్డుకునే బ్లాకర్ లేదు, లైఫ్ 3 (అది సున్నా అయితే ఓడినట్టే). గేమ్ డ్రా.

సమస్య: ఎదుటివాళ్లు టైమ్ వాక్ లాంటి కార్డు వేసి అదనపు టర్న్ తీసుకున్నారు. ఇప్పుడు ఆరా?

కాదు, ఐదే. కార్డు ఇచ్చిన టర్న్ కూడా ఆ ఐదులోదే. నాలుగో టర్న్‌లో వేస్తే ఐదోది కూడా వాళ్లదే. మీకు రావాల్సింది పోయినట్టే.

సమస్య: మూడో గేమ్‌కి షఫుల్ చేస్తుంటే టైమ్ అన్నారు.

కొత్త గేమ్ మొదలుపెట్టకూడదు. ముందుగా రెండు గేమ్‌లు గెలిచినవాళ్లదే మ్యాచ్. స్విస్ రౌండ్లలో (ఓడినా బయటికి పోకుండా ఆడే రౌండ్లలో) గేమ్‌లు 1-1 ఉంటే మ్యాచ్ డ్రా, చెరో పాయింటు (గెలుపుకు మూడు). అదే ఒకరు 1-0తో ముందుండి, రెండో గేమ్ ఐదు టర్న్‌ల్లోనూ తేలకపోతే, ఆ గేమ్ డ్రా అయినా మ్యాచ్ ముందున్నవాళ్లదే. వెనకబడ్డవాళ్లు ఇది మర్చిపోయి "డ్రా రాసేద్దామా" అని అడుగుతుంటారు.

సమస్య: డ్రా ఇద్దరికీ పనికిరాదు, టాస్ వేసుకుందామన్నారు.

వద్దే వద్దు. టాస్‌తోనో డైస్‌తోనో ఫలితం తేల్చుకుంటే గట్టి పెనాల్టీ పడుతుంది, మాకు తెలియదంటే వినరు. ఒకరు ఇష్టపడి ఓటమి ఒప్పుకోవచ్చు, కానీ దానికి బదులుగా డబ్బో కార్డో ఇస్తానని బేరం పెట్టకూడదు. నాకౌట్ రౌండ్లలో మాత్రం మ్యాచ్ డ్రా ఉండదు. టర్న్‌లు అయ్యేసరికి గేమ్‌లు సమంగా ఉంటే, ఎక్కువ లైఫ్ ఉన్నవాళ్లు గెలిచినట్టు.

సమస్య: ప్రతి మ్యాచ్ అదనపు టర్న్‌ల దాకా పోతోంది.

ముందు మీ డెక్ చూసుకోండి. ఆటను సాగదీసే కంట్రోల్ డెక్ చేతిలో పట్టుకుని టైమ్‌ని తిట్టుకుంటే లాభం లేదు. ఎదుటివాళ్లే నిదానమైతే మొహమాటం లేకుండా జడ్జిని పిలవండి, అదీ టైమ్ అయ్యేలోపే. నిదానానికి వార్నింగ్ ఇస్తే, మ్యాచ్ టైమ్ దాటినప్పుడు ఆ ఐదుకు తోడు మరికొన్ని టర్న్‌లు కలిసొస్తాయి. ఐదు టర్న్‌ల లెక్క మొదలయ్యాక పిలిస్తే వార్నింగ్ పడుతుంది, టర్న్‌లు మాత్రం రావు.