ఆన్‌లైన్ డిగ్రీతో పీఏ స్కూలుకి – 3వ పాఠం: ల్యాబ్ ఎక్కడ చేశారు?

పోయిన పాఠంలో హోంవర్క్ ఇచ్చాను, గుర్తుందా? మీరు చేరిన, లేదా చేరాలనుకుంటున్న ఆన్‌లైన్ యూనివర్సిటీకి గుర్తింపు ఇచ్చింది ఎవరో అమెరికా విద్యాశాఖ డేటాబేస్‌లో చూసి రాసుకోమన్నాను. హయ్యర్ లెర్నింగ్ కమిషన్, మిడిల్ స్టేట్స్, సదరన్ అసోసియేషన్ లాంటి పేరు కనపడితే ఆ గండం గడిచినట్టే. 2020 నుంచి ప్రభుత్వం లెక్కలో గుర్తింపు ఇచ్చే సంస్థల మధ్య రీజినల్ (ప్రాంతీయ), నేషనల్ (జాతీయ) అనే తేడా పోయింది కానీ, పీఏ స్కూళ్ళ పేజీల్లో మాత్రం ఇప్పటికీ ‘రీజినల్ అక్రెడిటేషన్’ అనే రాస్తుంటారు. అందుకే అది ముందు చూడమన్నాను.

కొత్తగా చేరినవాళ్ళకి ఒక్క మాట. మన ఊళ్ళో పీఏ అంటే ఎమ్మెల్యేగారి ఫోన్ ఎత్తే మనిషి. ఇక్కడ మనం మాట్లాడుకునేది ఫిజీషియన్ అసిస్టెంట్ గురించి. 1965లో డ్యూక్ యూనివర్సిటీలో నేవీలో పనిచేసి వచ్చిన నలుగురితో మొదలైన చదువు ఇది. రోగిని చూస్తారు, రక్తపరీక్షల్లాంటివి చేయించుకోమంటారు, మందులు రాస్తారు. డిగ్రీ తర్వాత సుమారు రెండేళ్ళ పైచిలుకు మాస్టర్స్.

సరే, ఇవాళ్టి పాఠం. నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న, ‘ఆన్‌లైన్ డిగ్రీ అంటే చిన్నచూపు చూస్తారా?’ అని. గుర్తింపు సరిగ్గా ఉంటే డిగ్రీ ఆన్‌లైన్ అన్న కారణానికే పక్కన పెట్టే స్కూళ్ళు తక్కువ. ఏ సబ్జెక్టులో డిగ్రీ అన్నది కూడా చాలా స్కూళ్ళకి పట్టదు. చిక్కంతా ప్రీరిక్విజిట్ కోర్సుల (పీఏ స్కూల్లో చేరేముందే చేసి ఉండాల్సినవి) దగ్గర, అందులోనూ వాటి ల్యాబ్ దగ్గర.

నా సంగతే చెప్తాను. గుంటూరులో బీకాం చేసి, పెళ్ళయ్యాక హెచ్-4 (ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద అమెరికా వచ్చాను. ఇక్కడ మళ్ళీ ఆన్‌లైన్‌లో డిగ్రీ చేశాను. మైక్రోబయాలజీకి ల్యాబ్ కిట్ ఇంటికే పంపారు. సూక్ష్మజీవుల్ని పెంచే అగార్ ప్లేట్లు వెచ్చగా ఉండాలి కదా, ఓవెన్‌లో లైటు వేసి పెట్టాను. చలికాలం దోసెల పిండి పులవడానికి పెట్టేదీ అక్కడే. మా అత్తయ్యగారు తలుపు తీసి చూసి, “ఇదేంటమ్మా, పిండి పక్కన బూజు పెంచుతున్నావు?” అన్నారు. ఆ కోర్సులో నాకు ‘ఎ’ వచ్చింది. ఏడాది తర్వాత ఒక స్కూలువాళ్ళు “ల్యాబ్ క్యాంపస్‌లో చేసి ఉండాలి” అని ఒక్క వాక్యంలో తిప్పి పంపారు. ఆ షరతు వాళ్ళ పేజీలో ముందునుంచీ ఉంది, కింద చిన్న అక్షరాల్లో. నేనే చదవలేదు.

కాబట్టి నేర్చుకోవాల్సింది ఆ పేజీ చదవడం. స్కూలు పేజీ తెరిచి మూడు చోట్ల ఆగండి. ముందు కోర్సుల జాబితా: అనాటమీ ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ చాలాచోట్ల ఉంటాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, మెడికల్ టెర్మినాలజీ స్కూలును బట్టి మారతాయి. తర్వాత, కోర్సు పక్కన ‘విత్ ల్యాబ్’ అని ఉందా, ఉంటే ఆన్‌లైన్ ల్యాబ్ గురించి ఏమన్నారు? కొందరు లెక్చర్ ఆన్‌లైన్ అయినా సరే, ల్యాబ్ మాత్రం ఎదురుగా చేయాలంటారు. కొందరు రెండూ ఒప్పుకుంటారు. కొందరు కోవిడ్ రోజుల్లో చేసినవాటికి మాత్రమే మినహాయింపు ఇచ్చారు. మూడోది, కోర్సు ఎన్నేళ్ళ లోపు చేసి ఉండాలి అన్నది. ఐదేళ్ళనేవాళ్ళున్నారు, పదేళ్ళనేవాళ్ళున్నారు.

ఇండియాలో బీఎస్సీ చేసినవాళ్ళు ఇంకోటి కూడా చూసుకోవాలి. ప్రీరిక్విజిట్లు అమెరికా కాలేజీలోనే చేయాలనే స్కూళ్ళు చాలా ఉన్నాయి. మన బోటనీ, జువాలజీ మార్కులు ఎంత బాగున్నా అక్కడ పనికిరావు.

పేజీలో స్పష్టంగా లేకపోతే మెయిల్ పెట్టండి. ‘ఆన్‌లైన్ కోర్సులు తీసుకుంటారా?’ అని మాత్రం అడక్కండి. దానికి వచ్చే జవాబు గోడమీద పిల్లిలా ఉంటుంది. కాలేజీ పేరు, కోర్సు నంబరు, ఎన్ని క్రెడిట్లు, ల్యాబ్ ఇంట్లోనా క్యాంపస్‌లోనా, ఎప్పటికి పూర్తవుతుంది అన్నీ రాసి, ‘ఇది మీ మైక్రోబయాలజీ షరతుకు సరిపోతుందా?’ అని అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు. మెయిల్‌లో వచ్చిన జవాబు దాచుకోండి.

ల్యాబ్ విషయంలో నా సలహా: డిగ్రీ ఆన్‌లైన్‌లో కానివ్వండి, ల్యాబ్ ఉన్న నాలుగైదు కోర్సులు మాత్రం దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసుల్లో చేసేయండి. ఆరిజోనా స్టేట్ లాంటి చోట ఆన్‌లైన్ బయోకెమిస్ట్రీ డిగ్రీవాళ్ళు కూడా కొన్ని ల్యాబ్‌ల కోసం క్యాంపస్‌కి వెళ్ళి కూర్చోవాల్సిందే. కమ్యూనిటీ కాలేజీ కోర్సులను కాదనే స్కూళ్ళూ అక్కడక్కడా ఉన్నాయి, అదీ పేజీలోనే చూసుకోండి.

ఇక లెక్క. దరఖాస్తులు దాదాపు అన్నీ కాస్పా అనే ఒకే సర్వీసు ద్వారా వెళ్తాయి. కాస్పా మీ యూనివర్సిటీ ఇచ్చిన జీపీఏను (గ్రేడ్ల సగటును) పట్టించుకోదు, మొదటినుంచీ తనే కడుతుంది. మీరు చదివిన ప్రతి అమెరికా కాలేజీ అందులోకి వస్తుంది. ముఖ్యంగా, తప్పి మళ్ళీ చేసిన కోర్సుకి యూనివర్సిటీ పాత గ్రేడు తీసేసినా కాస్పా తీయదు, రెండూ కలుపుతుంది. ఒక్కో క్రెడిట్‌కి ‘ఎ’ అంటే 4 పాయింట్లు, ‘బి’ 3, ‘సి’ 2, ‘డి’ 1. 4 క్రెడిట్ల కోర్సులో ముందు ‘సి’, తర్వాత ‘ఎ’ వచ్చిందనుకోండి: 8 పాయింట్లు, 16 పాయింట్లు, మొత్తం 24. దాన్ని 8 క్రెడిట్లతో భాగిస్తే 3.0. మీ మార్కుల కాగితం మీద మాత్రం 4.0 అని మెరుస్తుంటుంది. సెమిస్టర్లకు బదులు ఏడాదిని క్వార్టర్లుగా విడగొట్టే కాలేజీ అయితే ముందు క్రెడిట్లను ఒకటిన్నరతో భాగించి సెమిస్టర్ క్రెడిట్లుగా మార్చుకోవాలి.

హోంవర్క్: బయాలజీ 4 క్రెడిట్లు, ‘బి’. క్వార్టర్ కాలేజీలో కెమిస్ట్రీ 6 క్రెడిట్లు, ‘ఎ’. ఆర్గానిక్ 4 క్రెడిట్లు, మొదటిసారి ‘డి’, రెండోసారి ‘బి’. కాస్పా ఎంత కడుతుంది? వచ్చే పాఠంలో పేషెంట్ కేర్ గంటలు (రోగుల దగ్గర పనిచేసిన గంటలు), హెచ్-4 మీద ఉన్నవాళ్ళు వాటిని ఎలా సంపాదించాలి అన్నది చూద్దాం. హోంవర్క్ జవాబు మాత్రం ఇక్కడే చెప్తున్నా: 2.75 రావాలి. 2.89 వస్తే క్వార్టర్ క్రెడిట్లు మార్చడం మర్చిపోయారు. 3.33 వస్తే ‘డి’ని దాచేశారు.