డిసెంబరు 31 రాత్రికి ముందే ఇంట్లో సిద్ధం చేసుకోవాల్సిన హ్యాంగోవర్ పానీయాలు, పాటించాల్సిన జాగ్రత్తలు

కొబ్బరి నీళ్లు, నిమ్మరసం, మజ్జిగ, అల్లం కషాయం, మందుల షాపులో దొరికే నీళ్లలో కరిగే బిళ్లలు... వీటిలో ఏదీ రక్తంలో ఉన్న మద్యాన్ని తొందరగా దించలేదు. ఆ పని కాలేయానిది, అది తన వేగంతోనే చేస్తుంది. పోయిన నీటినీ ఉప్పునూ తిరిగి ఇవ్వడం, పడిపోయిన చక్కెరను కాస్త నిలబెట్టడం, మండుతున్న కడుపును శాంతపరచడం వరకే ఈ పానీయాలు ఉపయోగపడతాయి. అది కూడా చిన్న మేలేమీ కాదు, సరిగ్గా చేసుకుంటే మర్నాడు చాలా తేలికపడుతుంది. కానీ "రెండు బొండాలు తాగాను, ఇక బండి తీయొచ్చు" అనుకోవడం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది.

లెక్క చూడండి. 42.8 శాతం ఉండే విస్కీ లేదా బ్రాందీ క్వార్టర్, అంటే 180 మి.లీ.లో దాదాపు 61 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరు పెద్ద సీసాలో (650 మి.లీ.) 41 గ్రాములు. ఆరోగ్యంగా ఉన్న కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు ఖర్చు చేస్తుంది. రాత్రి 9కి మొదలుపెట్టి హాఫ్ (375 మి.లీ.) పూర్తి చేసినవారి ఒంట్లో మర్నాడు ఉదయం 10 దాటేదాకా, కొందరికి మధ్యాహ్నం దాకా కూడా మద్యం మిగిలే ఉంటుంది. నిద్ర పట్టినా, స్నానం చేసినా, వాంతి అయినా ఈ లెక్క పెద్దగా మారదు.

విశాఖలో ఈ విషయం ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఈ సీజన్‌లో వంజంగి మేఘాలు, లంబసింగి చలి చూడ్డానికి రాత్రి ఒంటిగంటకో రెండింటికో బయల్దేరేవారు ఎక్కువ. పార్టీ ముగిశాక ఓ గంట కునుకు తీసి, ఓ కాఫీ తాగి కొండల ఘాట్ రోడ్డు ఎక్కేస్తారు. కాఫీ నిద్రమత్తును కప్పిపెడుతుంది తప్ప చేతి వేగాన్నీ చూపు అంచనానూ బాగుచేయదు. చట్టప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించితే నేరం. మొదటిసారి దొరికితే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ ట్రిప్పు ఉంటే డ్రైవింగ్ చేసే మనిషి ఆ రాత్రి అసలు ముట్టకూడదు. పైన చలిలో "వెచ్చదనానికి" పెగ్గు వేసుకోవడం కూడా తప్పే. చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని వెచ్చగా అనిపిస్తుంది గానీ, లోపలి వేడి బయటికి పోతుంది.

30వ తేదీ సాయంత్రానికే ఇంట్లో ఉండాల్సినవి

డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న ఓఆర్‌ఎస్ పొడి పొట్లాలు నాలుగు. కొట్టని కొబ్బరి బొండాలు మనిషికి రెండు, నీడలో పెట్టాలి. అర లీటరు పెరుగు, చోడి (రాగి) పిండి, అల్లం, అరటిపళ్లు. ఒకటో తేదీ పొద్దున తల పట్టుకుని మందుల షాపులు వెతుక్కునే పని తప్పుతుంది.

ఓఆర్‌ఎస్ కొనేటప్పుడు టెట్రా డబ్బాల్లో వచ్చే తీపి పానీయాలను అవే అనుకోకండి. చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువగా ఉండే అలాంటివాటి మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడొద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశాలిచ్చింది. మీకు కావాల్సింది 20.5 గ్రాముల పొట్లం. పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలపాలి. సగం పొడి గ్లాసులో కలిపి తాగేయడం చాలామంది చేసే పొరపాటు. పొడి లోపల సమానంగా కలిసి ఉండదు కాబట్టి ఉప్పు ఎక్కువై వాంతి తెప్పిస్తుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు తలగొట్టిన చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు. కొలత కుదిరిందో లేదో నాలుక మీద వేసుకు చూడండి: కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే నీళ్లు కలపాలి.

ఆ సాయంత్రం

ఖాళీ కడుపుతో మొదలుపెట్టడమే సగం కష్టానికి కారణం. వంజరం వేపుడు ముక్కలు నాలుగు మంచింగ్‌కి పెట్టుకుంటే అది భోజనం కాదు. ఎనిమిదిలోపే అన్నం, పప్పు, గుడ్డు, పెరుగుతో కడుపు నింపుకుంటే మద్యం చిన్నపేగుల్లోకి నెమ్మదిగా దిగుతుంది, రక్తంలో ఒక్కసారిగా ఎగబాకదు. పెగ్గుకీ పెగ్గుకీ మధ్య ఒక గ్లాసు మామూలు నీళ్లు. మద్యం మెదడు నుంచి వచ్చే ఒక హార్మోన్‌ను అణచివేసి మూత్రం ఎక్కువ చేస్తుంది. ఒక్కో గ్రాము ఆల్కహాల్‌కు దాదాపు 10 మి.లీ. అదనపు మూత్రం లెక్కన, క్వార్టర్‌తో అర లీటరు పైనే పోతుంది. డాన్స్ వేసి చెమటలు పడితే ఇంకా ఎక్కువ. విశాఖ గాలిలో తేమ డిసెంబరులోనూ తక్కువేమీ కాదు.

ముదురు రంగు మద్యాలు (విస్కీ, బ్రాందీ, రమ్ము) వోడ్కాకంటే ఎక్కువ హ్యాంగోవర్ ఇస్తాయి. పులియబెట్టేటప్పుడూ పీపాల్లో నిల్వ చేసేటప్పుడూ చేరే ఇతర పదార్థాలు వాటిలో ఎక్కువ. అయినా ఎంత తాగారన్నదే అన్నిటికంటే పెద్ద సంగతి.

పడుకునేముందు ఓఆర్‌ఎస్ గానీ నీళ్లు గానీ ఒక పెద్ద గ్లాసు, గుక్కగుక్కగా. లీటరు ఒక్కసారే పట్టించేస్తే వాంతి ఖాయం. మత్తులో ఉన్న మనిషి నోట్లో బలవంతంగా ఏమీ పోయకూడదు: చింతపండు రసం, ఉప్పునీళ్లు, పెరుగు ఏదైనా సరే. గొంతులో వేలు పెట్టి కక్కించకూడదు కూడా. ఆ స్థితిలో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది.

మర్నాడు పొద్దున, వరస ప్రకారం

లేవగానే మొదటి గంటలో ఓఆర్‌ఎస్ 200 మి.లీ. చొప్పున రెండుసార్లు, అరగంట ఎడంతో. వికారంగా ఉంటే ఐదు నిమిషాలకో రెండు చెంచాలు చాలు. మూత్రం లేత పసుపుకు వచ్చేదాకా ఏదో ఒక ద్రవం సాగాలి.

ఆ తరవాత కొబ్బరి నీళ్లు. వీటిలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం మాత్రం ఓఆర్‌ఎస్‌తో పోలిస్తే తక్కువ. అందుకే ఒక బొండాం నీళ్లకు రెండు చిటికెల ఉప్పు కలపండి. బొండాం అప్పటికప్పుడు కొట్టించుకోవాలి. పొద్దున్నే సీసాలో నింపి ఎండలో పెట్టినవి వద్దు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, బీపీకి టెల్మిసార్టాన్ లాంటి మాత్రలో స్పైరనోలాక్టోనో వాడేవారు బొండాల మీద బొండాలు తాగకూడదు. ఒంట్లో పొటాషియం పేరుకుని గుండె లయ తప్పుతుంది.

అల్లం నీళ్లు వికారానికి పనికొస్తాయి. బొటనవేలి కణుపంత అల్లం దంచి, గ్లాసున్నర నీటిలో ఐదు నిమిషాలు మరిగించి, వడకట్టి, చిన్న బెల్లం ముక్క వేసుకోవాలి. ఒక గ్లాసు చాలు, గాఢత పెంచితే గుండెల్లో మంట. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు దీన్ని వదిలేయడం మంచిది. నిమ్మరసం కూడా గాఢంగా వద్దు, గ్లాసు నీటికి అర చెక్క మించొద్దు. మద్యంతో ఒరిసిపోయిన కడుపు గోడ మీద గాఢమైన పులుపు పడితే నొప్పి పెరుగుతుంది. మిరియాల చారు తాగాలనిపిస్తే చింతపండూ మిరియాలూ సగానికి తగ్గించి, వెచ్చగా తాగండి.

వీటన్నిటిలో ఉత్తరాంధ్ర ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్న చోడి అంబలికి మొదటి పీట వేయాలి. నీరు, ఉప్పు, నెమ్మదిగా అరిగే పిండి పదార్థం, మజ్జిగ ఒకే గ్లాసులో దొరుకుతాయి, కడుపులో తేలిగ్గా కూర్చుంటుంది. 31 సాయంత్రమే మూడు పెద్ద చెంచాల చోడి పిండిని గ్లాసుడు చన్నీళ్లలో జారుగా కలిపి మూతపెట్టండి. పొద్దునకు కాస్త పులుస్తుంది, పైన చిన్న బుడగలు కనిపిస్తాయి. మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, మంట తగ్గించి, ఈ పిండిని సన్నటి ధారగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. పొడిపిండిని నేరుగా మరిగే నీళ్లలో వేస్తే బయట ఉడికి లోపల పచ్చిగా ఉండే ఉండలు కడతాయి. ఎనిమిది పది నిమిషాలకు పచ్చివాసన పోయి, రంగు ముదిరి, గరిటెకు పలచని పూతలా అంటుకుంటుంది. పూర్తిగా చల్లారాకే గ్లాసుడు పలచటి మజ్జిగ, అర చెంచా ఉప్పు కలపండి. వేడి మీద పోస్తే మజ్జిగ విరిగిపోతుంది. పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకోవడం ఆ ఒక్క రోజుకు మానేయండి. ఇది ఇద్దరికి సరిపోతుంది.

తరవాణి అలవాటున్నవారు తాగొచ్చు, కానీ రాత్రి వండిన అన్నం వేడి తగ్గిన గంటలోపే నీళ్లలో వేసి, చెంచాడు మజ్జిగ కలిపి ఉంచిందై ఉండాలి. పార్టీ అయ్యేదాకా గిన్నెలో మూత లేకుండా పడున్న అన్నాన్ని అర్ధరాత్రి నానబెట్టి పొద్దున తాగితే వచ్చే వాంతులను హ్యాంగోవర్ అనుకుంటారు, అది కలుషితమైన అన్నం పని. జిగురుగా సాగినా, పులుపు కాకుండా కుళ్లువాసన వచ్చినా పారబోయండి.

చెరుకురసం విషయంలో ఐస్‌తోనే భయం. బండి దగ్గర తాగితే ఐస్ లేకుండా అడగండి. "ఒక పెగ్గు వేస్తే తగ్గిపోతుంది" అనే సలహా మాత్రం వినకండి. బాధ కొన్ని గంటలు వాయిదా పడుతుంది, కాలేయానికి పని మళ్లీ మొదటినుంచి. ఒకటో తేదీ ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో స్నానం చేస్తే మత్తు దిగుతుందనేది ఇంకా ప్రమాదకరమైన నమ్మకం. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు మామూలు మనిషినే లాక్కుపోతాయి.

సీసాల్లో, క్యాప్సూల్స్‌లో అమ్మే "సహజ" సప్లిమెంట్లు

హ్యాంగోవర్‌ను ఆపుతుందని గట్టిగా రుజువైన సప్లిమెంట్ ఇంతవరకు ఒక్కటీ లేదు. సహజం అన్నంత మాత్రాన కాలేయానికి మంచిదని కూడా కాదు. గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్, తిప్పతీగ మందులు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. వంటలో వేసే పసుపుతో ఆ భయం లేదు, సమస్య గాఢ సారంతో. కాలేయం ముందే అలసి ఉన్న రోజున వాటిని దాని మీద వేయకండి. కొనాలనే అనుకుంటే లేబుల్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, ప్రతి పదార్థం మోతాదు రాసి ఉన్నాయో లేదో చూడండి. "ప్రత్యేక మిశ్రమం" అని మోతాదులు దాచిన సీసాను అక్కడే వదిలేయండి.

మాత్రలు

రాత్రి మద్యం మీద పారాసిటమాల్ వేసుకోకండి. రోజూ తాగేవారు డాక్టరును అడక్కుండా ఎప్పుడూ వేసుకోకూడదు. జలుబు మాత్రల్లోనూ అది ఉంటుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ ఒరిసిపోయిన కడుపులో రక్తస్రావం తెప్పించగలవు. నిద్రమాత్రలు, నిద్రమత్తు తెచ్చే అలెర్జీ మాత్రలు ఆ రాత్రి అసలు వద్దు. మెట్రోనిడజోల్ కోర్సులో ఉన్నవారు చుక్క కూడా ముట్టకూడదు.

షుగర్ ఉన్నవారి ఇంట్లోవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి. మద్యం ఉన్నంతసేపు కాలేయం కొత్త చక్కెర తయారుచేయలేదు. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ గానీ వాడేవారికి తెల్లవారుజామున చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ముద్దమాటలు చూసి "ఇంకా దిగలేదు" అనుకుని వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుండి మెలకువగా ఉంటే నాలుగు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మెలకువ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

పానీయాలతో తగ్గనివి

పిలిచినా గిల్లినా లేవకపోవడం, శ్వాస నిమిషానికి ఎనిమిదికి తగ్గడం లేదా రెండు శ్వాసల మధ్య పది సెకన్లు దాటడం, ఒళ్లు చల్లబడి పెదాలు నీలిగా మారడం, ఫిట్స్, వాంతిలో రక్తం: ఏ ఒక్కటి కనిపించినా 108. అంబులెన్స్ వచ్చేదాకా ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టి, పక్కనే ఒక మనిషి ఉండాలి.

రోజూ తాగే మనిషి కొత్త సంవత్సరమని ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం రావచ్చు. అది హ్యాంగోవర్ కాదు, కొబ్బరి నీళ్లతో పోదు. అలాంటివారు ముందే డాక్టరు పర్యవేక్షణలో మానాలి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో అడగొచ్చు, టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాటుసారా, లేబుల్ లేని సీసా తాగినవారికి చూపు మసకబారినా, కళ్లముందు తెల్లటి పొర కనిపించినా, కడుపునొప్పితో ఆయాసం వచ్చినా అది మిథనాల్ విషం కావచ్చు. తాగిన 12 నుంచి 24 గంటల తరవాత, మత్తంతా దిగిపోయిందనుకున్నాక బయటపడుతుంది. ఇంటి వైద్యాలతో ఒక్క గంట కూడా పోగొట్టకుండా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. సీసాలో మిగిలినది పారబోయకుండా వెంట పట్టుకెళ్లండి. ఏం తాగారు, ఎన్నింటికి తాగారు, ఇంకెవరెవరు తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. పక్కన కూర్చుని అదే తాగినవారికి ఇంకా ఏ లక్షణమూ లేకపోయినా వారినీ అదే బండిలో ఎక్కించుకు వెళ్లండి.